మూడు కాళ్ళ గుర్రం

చిట్టా 301. పీట పండుగకి ముప్పై రోజులు.

ఆట ఆడిన రోజే చిట్టా రాయాలని మా ఎర్రబురుజు ఊరి నియమం. నిజమే రాయాలని కూడా అందులో ఉంది. నేను గొంకరాజుని, పేకముక్కల మీది బొమ్మల్ని బరిలోకి లేపి ఆడించే ముక్కల రౌతుని, మొదటి పీట మీద కూర్చునేవాణ్ణి. మా వంశంలో ఆ పీట ఎక్కిన అయిదోవాణ్ణి. నియమాలు నాకెవరూ గుర్తుచేయక్కర్లేదు.

ఈరోజు అయిదో బరిలో తాయారుతో ఆట. తాయారంటే ఏటి మీద తాడు పడవ లాగే మనిషి. అరచేతులు కాయలు కాసి ఉంటాయి. ఆమె పేకలో చెప్పుకోదగ్గ ముక్క ఒక్కటే, లకుముకి పిట్ట. నా పేకలో ఏనుగుంది, పులుంది, వాటన్నిటినీ మించి నా గుర్రముంది. ఫలితం: ఆట ముగియలేదు.

సరే, నిజం రాయాలి కాబట్టి రాస్తున్నాను. పిట్ట నా గుర్రం ఎడమవైపునుంచి మూడుసార్లు చుట్టూ తిరిగింది. గుర్రం దానికోసం తల తిప్పీ తిప్పీ చివరికి బరి గీత దాటేసింది, అంటే ఓడింది. జనం ఈలలు వేశారు. ఓడినవాడు లేచి, గెలిచినవాళ్ళ ముఖంలోకి చూసి “ఒప్పుకున్నాను” అనాలి. అందరూ తుమ్మినంత తేలిగ్గా అనేస్తారు. నేను మాత్రం ఎప్పుడూ అనేదే అన్నాను.

“చూసుకుందాం.”

“చూసుకుందామండీ, దానికేం భాగ్యం” అని నవ్వింది తాయారు.

ఒప్పుకోని ఆటని పీట పెద్ద తన పుస్తకంలో ‘ముగియలేదు’ అని రాసుకుంటాడు. ఈ ఏడాది ఆమెతో అయిదు బరుల్లో అయిదు ఆటలాడాను. ఒక్కటీ ముగియలేదు. అందుకే నా పీట నాకుంది. జనం చాటున నవ్వుకుంటారని నాకు తెలుసు. నవ్విన నాపచేనే పండుతుంది. నిరుడు పండుగనాడు ఆనవాయితీ ప్రకారం నలభై ఒకటో మెట్టువాడు, అంటే అందరికన్నా అడుగునున్న కుండల పెంటయ్య, నన్ను ఆటకి పిలిస్తే తాంబూలం నములుతూ ఓడించాను. అది నేను.

ఇంటికొచ్చి ముక్కలు తుడిచాను. రోజూ చేసే పనే. మెత్తటి గుడ్డ, రెండు చుక్కల నువ్వుల నూనె, తర్వాత నీడలో ఆరబెట్టడం. చింతగింజల జిగురు పట్టించిన గుడ్డతో చేసిన పేకముక్కలు కాబట్టి ఎండ తగిలితే వంకర పోతాయి. గుర్రం ముక్క చేతిలోకి తీసుకున్నాను. బొమ్మలో కుడి వెనక కాలు లేదు.

మొదటి ఆట తర్వాత తోక పోయింది. పాత రంగు కదా అనుకున్నాను. తర్వాత ఎడమ చెవి, ఆపైన జూలు, పోయిన నెల నుదుటి మీది తెల్ల చుక్క పోయాయి. ఇప్పుడు కాలు. రంగు పెచ్చులూడిన గుర్తే లేదు. అక్కడ ఎవరూ ఎప్పుడూ కాలు గీయనేలేదన్నట్టు తెల్లగా ఉంది.

చిట్టా 302. ఇరవై ఎనిమిది రోజులు.

గుర్రం ముక్కని పెరట్లోకి తీసుకెళ్ళి పిలిచాను. ఎర్రకొండ రాతి పొడి కలిపిన రంగుకి చెవులుంటాయి, యజమాని గొంతు వింటే బొమ్మ ముక్కలోంచి ప్రాణంతో లేస్తుంది. ఆ రాయి దొరకని కాలంలో మా ముత్తాతలు నిజం కత్తులతో కొట్టుకునేవారట. వాళ్ళకి ఈ బాధ లేదు.

బరిలో నేను పిలిచే పేరు ప్రళయాశ్వం. పెరట్లో పిలిచే పేరు బెల్లం. పదేళ్ళ వయసులో ఈ ముక్క నా చేతికొచ్చినప్పుడు దాని రంగు చూసి పెట్టిన పేరది. ఈ చిట్టాలో తప్ప ఇంకెక్కడా ఈ సంగతి లేదు.

బెల్లం లేచింది. మూడు కాళ్ళ మీద నిలబడబోయి ఒరిగింది, నా భుజం మీద గడ్డం ఆనించి నిలదొక్కుకుంది. రోజూ ఆనించేది గారానికి. ఈరోజు ఆనించింది పడిపోకుండా ఉండడానికి. నాకు భయమేసింది. ఇంతకుముందు నాకు భయమేసినట్టు ఏ చిట్టాలోనూ లేదు, కావాలంటే తిరగేసి చూసుకోవచ్చు.

చిట్టా 303. ఇరవై ఆరు రోజులు.

బూదమ్మ దగ్గరికెళ్ళాను. ఎర్రబురుజులో సగం ముక్కలు ఆవిడ గీసినవే. నా బెల్లాన్ని గీసిందీ ఆవిడే. ఇప్పుడు ఎనభై దాటాయి. నన్ను పీట మీద చూసినా “ఒరే” అనే పిలుస్తుంది.

“కాలు గీసిపెట్టు బూదమ్మా.”

ఆవిడ ఉడత వెంట్రుకల కుంచె తీసి రంగు పెట్టింది. రంగు తామరాకు మీద నీళ్ళలా జారిపోయింది. ఇంకోసారి పెట్టింది. మళ్ళీ జారింది. కుంచె పక్కన పెట్టి కళ్ళు చికిలించి ముక్క వంక చాలాసేపు చూసింది.

“ఒరే గొంకా, ఈ కాలు చెరిగిపోలేదురా. ఎక్కడికో పోయింది. ఉన్న కాలి మీద ఇంకో కాలు ఎట్టా గీసేది?”

“ఎక్కడికి పోతుంది?”

“నాకేం తెలుసు? ఆట అయ్యాక చెప్పాల్సిన మాట చెప్తున్నావా?”

“చెప్తున్నాను” అన్నాను.

“అట్టాగైతే నాకు అంతుపట్టట్లేదు” అంది.

అబద్ధమాడానని ఈ చిట్టాలో రాస్తున్నాను. పీట మీదున్నవాడు అయిదుసార్లు ఓడాడని, ఒక్కసారీ ఒప్పుకోలేదని ఊరందరికీ తెలిసినా, ఆవిడ మొహం మీద చెప్పడానికి నాకు నోరు రాలేదు.

చిట్టా 304. ఇరవై ఒక్క రోజులు.

అయిదో బరి ఊడ్చే సోములు నిన్న పొద్దున్నే వచ్చాడు. గుమ్మం బయటే నిలబడి తల గోక్కుంటూ అడిగాడు.

“బాబయ్యా, మన ఊళ్ళో ఒంటికాలి గుర్రం ఏదైనా ఉందా?”

“ఏం వాగుతున్నావు?”

“ఊడ్చి సదును చేసిన ఇసక మీద రోజూ తెల్లారేసరికి డెక్క గుర్తులుంటన్నాయి బాబయ్యా. నాలుగు కాళ్ళవి కాదు, ఒక్క కాలివే. ఊడ్చీ ఊడ్చీ నా నడుం పడిపోతంది. పీట పెద్ద నన్నే తిడతన్నాడు.”

“సరిగ్గా ఊడ్చి ఏడు” అని కసిరి పంపేశాను. తర్వాత కూర్చోలేకపోయాను, అన్నం సహించలేదు. ఈరోజు తెల్లవారుతూనే అయిదో బరికి వెళ్ళాను.

బరి ఖాళీగా ఉంది. ఇసక నున్నగా ఉంది. టక్. ఒక డెక్క గుర్తు పడింది. టక్. దాని ముందు ఇంకోటి. గుర్రం లేదు, గుర్తులే పడుతున్నాయి. అవి గుండ్రంగా తిరిగాయి, తడబడ్డాయి, గీత దాకా వెళ్ళి ఆగాయి. తిరిగి మొదటి చోటినుంచి మొదలయ్యాయి. ఆ దారి నాకు తెలుసు. అది నేను ఓడిపోయిన ఆట. వాటి పైన ఇసక మీద ఒక రెక్క నీడ చుట్లు కొడుతోంది. ఒకే ఒక్క రెక్క నీడ.

“బెల్లం” అన్నాను.

గుర్తులు ఆగాయి. నా వైపు ఒక్క అడుగు పడింది. అంతే, ఎవరో అదిలించినట్టు మళ్ళీ ఆటలోకి వెళ్ళిపోయాయి. ఆ కాలు ఆ రోజునుంచీ ఆడుతూనే ఉంది. నేనే ఆడమన్నాను. రంగుకి చెవులుంటాయని తెలిసి కూడా అయిదు బరుల్లో అయిదుసార్లు ‘చూసుకుందాం’ అన్నాను.

చిట్టా 305. ఇరవై రోజులు.

బూదమ్మకి నిజం చెప్పాను. చెంప మీద కొడుతుందేమో అనుకున్నాను. కొట్టలేదు. అంతకన్నా గట్టిగా తగిలేలా నవ్వింది.

“రంగు మాట వింటుందిరా, మనసు వినదు. చూసుకుందామన్నావు, అది చూసుకుంటానే ఉంది. ఎప్పుడైపోయిందో దానికి ఎవురు చెప్పారు?”

“ఇప్పుడేం చెయ్యాలి?”

“ఏ బరిలో ఓడావో ఆ బరిలో, గెలిచిన మనిషి మొహం చూసి, ఒక్కో ఆటకి ఒక్కోసారి చెప్పు. ఇంకో ఆట ఇట్టాగే వదిలేశావంటే కళ్ళు పోతయ్. కళ్ళు పోయిన ముక్క ఇంక లేవదు. గుర్తుంచుకో.”

పండుగనాడు తాయారుతోనే ఆట. తప్పించుకోడానికి లేదు. అయిదు ఓటములు ఒప్పుకున్న రౌతు నలభై ఒకటో మెట్టుకి దిగాలన్నది ఇంకో నియమం. ఒప్పుకుంటే పీట పోతుంది. ఒప్పుకోకపోతే బెల్లం పోతుంది. ఈ రెండూ కాకుండా మూడోది ఉందేమోనని ఇంటికొచ్చేదాకా ఆలోచించాను. ఉంది. పండుగ ఆట గెలవడం. గెలిస్తే పీటా ఉంటుంది, బెల్లం కళ్ళూ ఉంటాయి.

చిట్టా 306. పదిహేను రోజులు.

అయిదు రోజులుగా మూడు కాళ్ళ మీద పరిగెత్తడం నేర్పిస్తున్నాను. రౌతు కొద్దీ గుర్రం అంటారు. నేను గట్టివాణ్ణయితే అదీ గట్టిగా నిలబడుతుంది కదా. బరువు ముందుకాళ్ళ మీద వెయ్యడం, మలుపు దగ్గర ఎడమకి వాలడం నేర్పాను. నిన్న పదకొండు అడుగులు పడకుండా వేసింది. ఈరోజు పద్నాలుగు. గెలుస్తాననే అనుకున్నాను.

పదిహేనో అడుగు దగ్గర పడింది. మోకాలు చెక్కుకుపోయింది. లేచింది, మళ్ళీ పడింది, మళ్ళీ లేచింది. లేచి నిలబడి నా వైపు చూస్తోంది. ఇంకోసారి అంటే ఇంకోసారి పరిగెడుతుంది. కళ్ళు పోయేదాకా పరిగెత్తమన్నా పరిగెడుతూనే ఉంటుంది. ‘ఇక చాలు’ అనే మాట దానికి ఎవరూ నేర్పలేదు. నాకే రాని మాట దానికేం నేర్పుతాను?

పెరట్లో నేల మీద కూర్చుండిపోయాను. ఈ గుర్రాన్ని పోగొట్టుకోను. అదొక్కటీ తేల్చుకున్నాను. మిగతావి వాటంతటవే తేలతాయి.

చిట్టా 307. పన్నెండు రోజులు.

ఏటికి వెళ్ళాను. తాయారు పడవ ఒడ్డుకి లాగి తాడు చుడుతోంది. నన్ను చూసి కొంగు దులుపుకుంది.

“ఏంటండీ రౌతుగారూ, అవతలి ఒడ్డుకా?”

“నీ లకుముకి ముక్క చూపించు.”

ఆమె నవ్వు ఆగిపోయింది. తర్వాత రొంటిన దోపుకున్న పేక తీసి ముక్క నా ముందు పెట్టింది. పిట్టకి ఒక రెక్క లేదు, ముక్కు సగమే ఉంది, పొట్ట మీది ఎరుపు అసలే లేదు.

“ఎప్పట్నుంచి?”

“మీ గుర్రానికి ఎప్పట్నుంచో దీనికీ అప్పట్నుంచేనండీ. ఆటన్నాక ఇద్దరిదీ కదా.”

“నీకు ముందే తెలుసా? మరి నాకు చెప్పి ఒప్పుకోమని అడగొచ్చు కదా!”

తాయారు తాడు కిందపడేసింది. మొదటిసారి ఆమెకి కోపం రావడం చూశాను.

“అడిగి ఒప్పించుకున్న గెలుపు నాకెందుకండీ? ఆయ్, నేను పడవ లాగేదాన్నే గానీ ముష్టెత్తుకునేదాన్ని కాదు. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళన్నోళ్ళని చూశాను. తన గుర్రానికే మూడు కాళ్ళు చేసుకున్నోరిని మాత్రం మిమ్మల్నే చూడ్డం.”

నాకూ ఒళ్ళు మండింది. అయితే ఆ కోపం ఎవరి మీదో నాకు తెలుసు. అక్కడే చెప్పేద్దామని ముఖంలోకి చూసి నోరు తెరిచాను.

“ఒప్పు…”

దగ్గొచ్చింది. ఏటి నీళ్ళు తాగి మళ్ళీ మొదలుపెట్టాను.

“ఒప్పు…”

“ఒప్పులకుప్పా?” అంది తాయారు. కోపంలో ఉండి కూడా నవ్వాపుకోలేకపోయింది.

“ఎల్లుండి పొద్దున్న మొదటి బరికి రా. అయిదింటికీ వెళ్ళాలి” అని చెప్పి వెనక్కి తిరిగాను. రెండు రోజులు సాధన చెయ్యాలి. కత్తిసాముకి ఏడేళ్ళు చేశాను, ఒక్క మాటకి రెండు రోజులు చాలవా?

చిట్టా 308. పది రోజులు.

మొదటి బరి. నేను, తాయారు, పీట పెద్ద. మేం కాక మేకలు తోలుకెళ్ళే ఇద్దరు ఆగి చూస్తున్నారు. ఆమె ముఖంలోకి చూశాను. రెండు రోజుల సాధన గాలికి పోయింది. చెమటలు పట్టాయి. చివరికి ఎవరో వెనకనుంచి తోసినట్టు వచ్చింది.

“తాయారుగారూ, ఒప్పుకున్నాను.”

‘గారూ’ ఎక్కడినుంచి వచ్చిందో నాకు తెలియదు. సాధనలో అది లేదు. నా చేతిలో ముక్క వెచ్చబడింది. తిప్పి చూస్తే తోక ఉంది.

రెండో బరిలో చెవి, మూడోదానిలో జూలు వచ్చాయి. అప్పటికి జనం పోగయ్యారు, మొదటి పీటవాడు ఊరేగి మరీ ఓటమి చెబుతున్నాడని. ఒకడు “ఇంకోసారి చెప్పండి రౌతుగారూ, వినపడలేదు” అని అరిచాడు. నాలుగో బరిలో అందరికీ వినపడేలా చెప్పాను. నుదుటి మీద తెల్ల చుక్క వచ్చింది.

అయిదో బరిలో సోములు చీపురు పట్టుకుని నిలబడ్డాడు. ఇసక మీద ఒంటికాలి గుర్తులు ఇంకా తిరుగుతున్నాయి. చెప్పాను. గుర్తులు టక్కున ఆగాయి. నా వైపు తిరిగి నడిచి వచ్చాయి, పాదాల దాకా వచ్చి మాయమయ్యాయి. రెక్క నీడ తాయారు వైపు వెళ్ళిపోయింది.

“అమ్మయ్య” అన్నాడు సోములు.

పీట పెద్ద పుస్తకం తెరిచి అయిదు చోట్ల ‘ముగియలేదు’ కొట్టేశాడు. నా భుజం మీది ఎర్ర శాలువా తీసుకున్నాడు. అయిదు తరాల శాలువా అది. బరువుంటుందని ఎప్పుడూ అనుకునేవాణ్ణి కాదు గానీ, పోయాక భుజం తేలికైంది, చలేసింది.

బెల్లాన్ని అక్కడే, అందరి ముందూ పిలిచాను. నాలుగు కాళ్ళ మీద లేచి బరి చుట్టూ ఒక్క పరుగు తీసి వచ్చి భుజం మీద గడ్డం పెట్టింది, శాలువా లేని భుజం మీద. నేను ఏడ్చాను. నిజం రాయాలి కదా.

చిట్టా 309. పీట పండుగ.

తాయారుకి మొదటి పీట. ఎర్ర శాలువా కప్పుకుని కాయలు కాసిన చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక ఒళ్ళో పెట్టుకుంది. పీట పెద్ద ఆనవాయితీ ప్రకారం అడిగాడు.

“మొదటి పీటతో ఆడతానని అడిగే హక్కు నలభై ఒకటో మెట్టుది. గెలిస్తే పీట రాదు, ఒక్క మెట్టు వస్తుంది. అడుగుతున్నారా ఎవరైనా?”

ఈ ఆనవాయితీని చూసి నేను ఏళ్ళ తరబడి నవ్వేవాణ్ణి. అడుగు మెట్టు మీదినుంచి లేచాను.

“అడుగుతున్నాను.”

తాయారు కళ్ళు మెరిశాయి. శాలువా తీసి పక్కన పెట్టి బరిలోకి దూకినట్టే వచ్చింది. లకుముకి లేచింది, రెండు రెక్కలతో, పొట్ట మీద ఎరుపుతో. దాన్ని అంత అందంగా చూసి చాలా కాలమైంది. నేను నా ముక్క ఎత్తాను.

“బెల్లం, లే!”

జనం గొల్లుమన్నారు. నవ్వనిచ్చాను.

పిట్ట ఎప్పటిలాగే ఎడమవైపునుంచి వచ్చింది. మూడో ఆటనుంచీ ఆమె ఎడమవైపునుంచే వస్తోంది, అటు చెవి లేదని అప్పుడే కనిపెట్టింది, ఆ అలవాటు ఇంకా పోలేదు. ఒక చుట్టు కొట్టింది, రెండో చుట్టూ కొట్టింది. బెల్లం తల తిప్పలేదు. “నిలబడు” అన్నాను, అంతే. మూడో చుట్టుకి ఎడమ చెవి చిన్నగా కదిలింది. పిట్ట పక్కనుంచి దూసుకొస్తుండగా ఈగని తోలినట్టు తోక ఒక్కటి విసిరింది. లకుముకి దొర్లుకుంటూ వెళ్ళి గీత అవతల పడింది.

ఎవరూ ఈల వెయ్యలేదు. ఏం జరిగిందో వాళ్ళకి ఇంకా ఎక్కలేదు. తాయారు లేచి నిలబడింది. ఈ ఏడాది ఆమె ఓడిన మొదటి ఆట ఇదే. దవడ బిగుసుకుంది, పిడికిలి బిగుసుకుంది. నా ముఖంలోకి చూసింది. ఆ చూపు నాకు తెలుసు. ఈ ఏడాదంతా అద్దంలో చూస్తున్నదే.

“చూసు…”

గీత అవతల పిట్ట తల ఎత్తి ఆమెనే చూస్తోంది. నేను దగ్గరికెళ్ళి ఆమెకి మాత్రమే వినిపించేలా చెప్పాను.

“తాయారుగారూ, పీట ఎక్కాక మొదటిసారి గొంతుకి అడ్డం పడుతుంది. తర్వాత దిగిపోతుంది.”

ఆమె గుటక వేసింది. పిట్ట వైపు చూసింది. మళ్ళీ నా వైపు చూసింది.

“ఒప్పుకున్నానండీ.”

లకుముకి ఒక్క ఎగురు ఎగిరి ముక్కలోకి దిగింది. ముక్కు, రెక్కలు, ఎరుపు, ఒక్కటీ తగ్గలేదు. తాయారు ముక్కని గుండెకి ఆనించుకుంది.

“దీన్ని ఒక్క పొద్దులో అయిదుసార్లు ఎలా అన్నారండీ?” అని అడిగింది.

“గుర్రం కోసం” అన్నాను.

ఫలితం: గెలిచాను. నాది ఇప్పుడు నలభయ్యో మెట్టు. రేపు ముప్పై తొమ్మిదో మెట్టువాడితో ఆట. ఎవరా అని చూస్తే కుండల పెంటయ్య, ఏడాదిలో రెండు మెట్లు ఎక్కాడట. ఈసారి తాంబూలం నమలను. ముక్కలు తుడిచి, నూనె రాసి, నీడలో ఆరబెట్టాను. నా పీటకి ఇంకా ముప్పై తొమ్మిది మెట్లున్నాయి. బెల్లానికి నాలుగు కాళ్ళున్నాయి.